జాలారిపేట గోడ మీద ఆఫ్రికా రాకెట్ ఎందుకండీ మాస్టారూ?

మీరడిగారు – మాస్టారు చెప్పారు

పోయిన నెల ఇదే పేజీలో ఆఫ్రోఫ్యూచరిజం గురించీ, అంటే నల్లజాతి కళాకారులు తమ గతాన్నీ భవిష్యత్తునీ తామే ఊహించుకుని కథల్లో, పాటల్లో, బొమ్మల్లో చూపించే ధోరణి గురించీ, అమెరికాలో నల్లవాళ్ళ పేటల్లో గోడల మీద వేసే బొమ్మల గురించీ ఓ నాలుగు ముక్కలు రాశాను కదా, దానికి ఇన్ని ప్రశ్నలొస్తాయనుకోలేదు, అందులోనూ ఎక్కువ మన వైజాగ్ నుంచే. ఒకేలాంటివి కలిపేశాను. వాట్సాప్‌లో వాయిస్ పంపినవాళ్ళవి కూడా రాయించి వేస్తున్నాం, మాట కాస్త అటూ ఇటూ అయితే ఏమనుకోకండి.

ప్రశ్న: ఆఫ్రోఫ్యూచరిజం అంటే వకాండా సినిమాయే కదా మాస్టారూ? మా క్లాసులో అందరూ అదే అంటున్నారు. – సిరిపురం నుంచి డిగ్రీ కుర్రాడు

సినిమా అందులో ఒక ముక్క బాబూ, అదీ చాలా లేటుగా వచ్చిన ముక్క. 2018లో ఆ వకాండా దేశం కథ ఉన్న బ్లాక్ పాంథర్ సినిమాతో ఈ మాట మనదాకా వచ్చింది గానీ మార్క్ డెరీ అనే విమర్శకుడు ఆ పేరు పెట్టింది 1993లో, అసలు పని మొదలైంది దానికి చాలా ముందే. సన్ రా అని ఒక జాజ్ సంగీతకారుడు, 1914లో అలబామా రాష్ట్రంలో పుట్టాడు, ఆ రోజుల్లో అక్కడ నల్లవాళ్ళకి బడి వేరు, బస్సులో సీటు వేరు, ఆఖరికి మంచినీళ్ళ కుళాయి కూడా వేరు. ఈయనేం చేశాడంటే అసలు నేను మీ భూమ్మీద వాణ్ణే కాదు, శనిగ్రహం నుంచి వచ్చాను అన్నాడు, ఈజిప్టు రాజుల్లాగా తలకి అలంకారాలూ తళతళలాడే అంగీలూ వేసుకుని బ్యాండ్ నడిపాడు, 1993లో పోయేదాకా ఆ మాట మార్చలేదు. పిచ్చోడనుకున్నవాళ్ళు బోలెడుమంది. నాకైతే అది భలే తెలివైన సమాధానం అనిపిస్తుంది, మీ లెక్కల్లో నాకు చోటు లేదన్నారు కదా, అయితే నా లెక్క వేరే గ్రహంలో చూసుకుంటాను పొండి అన్నట్టు.

తర్వాత ఆక్టేవియా బట్లర్ అని రచయిత్రి, 1947లో కాలిఫోర్నియాలో పుట్టింది. వాళ్ళమ్మ తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిచేసేది, వెనక తలుపులోంచే లోపలికెళ్ళాలి. ఈవిడ 1979లో రాసిన ఒక నవలలో అప్పటి నల్లమ్మాయి ఒకతి ఉన్నట్టుండి బానిసత్వం రోజుల్లోకి వెళ్ళి పడుతుంది. 2021లో నాసా వాళ్ళ పెర్సివరెన్స్ రోవర్ అంగారకుడి మీద ఎక్కడ దిగిందో ఆ చోటుకి ఈవిడ పేరే పెట్టారు. పనిమనిషి కూతురి పేరు ఇప్పుడు అంగారకుడి మీద ఉంది, ఆలోచించు.

విషయం ఏంటంటే, ఆఫ్రికా నుంచి నల్లవాళ్ళని ఓడల్లో గొలుసులేసి అమెరికాకి పట్టుకొచ్చినప్పుడు వాళ్ళ పేర్లు పోయాయి, భాష పోయింది, ఏ ఊరో కూడా తెలీకుండా పోయింది. ఇటు చూస్తే రేపటి కథలు, అంతరిక్షం కథలు రాసినవాళ్ళు వాటిల్లోనూ వీళ్ళని పెట్టలేదు. వెనకా లేదు, ముందూ లేదు. ఆ రెండూ తామే గీసుకుందాం అని కూర్చున్నారు. రాకెట్టూ మెరుపు బట్టలూ పైపైన కనపడేవి. ఆ సినిమాలో కూడా చూడు, బట్టలు డిజైన్ చేసిన రూత్ కార్టర్‌కి 2019లో ఆస్కార్ వచ్చింది, అందులో ఒక తెగవాళ్ళు కప్పుకునే దుప్పట్లు లెసోతో దేశంలో బసోతో జనం నిజంగా కప్పుకునే దుప్పట్లే.

ప్రశ్న: మా అబ్బాయి ఫిలడెల్ఫియాలో ఉంటాడు. ఒక పెద్ద గోడ బొమ్మ దగ్గర నిలబడి వీడియో కాల్ చేశాడు, ఫోన్ చూపిస్తే అందులోంచి సంగీతం వస్తుందట. వేసినాయన ఎవరు? – సీతమ్మధార నుంచి రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

పశ్చిమ ఫిలడెల్ఫియాలో ఉన్న 'డ్రీమ్స్, డయాస్పొరా అండ్ డెస్టినీ' అయ్యుంటుంది గురువుగారూ. బొమ్మ జాషువా మేస్‌ది, సంగీతం కింగ్ బ్రిట్‌ది. మేస్ డెన్వర్ ఊరివాడు, తర్వాత కాలిఫోర్నియాలో ఓక్లాండ్ చేరి అక్కడా చాలా గోడలు వేశాడు. ఆయన బొమ్మల్లో మనుషుల ముఖాలు చాలా పెద్దవి, కింద నిలబడితే కనురెప్ప కూడా మన మనిషంత ఉన్నట్టుంటుంది. బ్రిట్ ఫిలడెల్ఫియాలోనే పుట్టి పెరిగిన డీజే. ఇంకో సంగతి, ఇందాక చెప్పిన సన్ రా కూడా 1968 నుంచి ఆ ఊళ్ళోనే ఒక ఇంట్లో తన బ్యాండ్ మొత్తాన్ని పెట్టుకుని ఉన్నాడు, అంటే ఆ గోడ ఆ ఊళ్ళో ఊరికే మొలవలేదు.

ఆ ఊరికి గోడ బొమ్మలు ఒక అలవాటు. 1984లో గోడలు పాడుచేసే కుర్రాళ్ళని దారిలో పెడదాం అని నగరపాలక సంస్థ మొదలుపెట్టిన కార్యక్రమం అది, జేన్ గోల్డెన్ అనే ఆర్టిస్టుని పెట్టి నడిపించారు, ఇప్పుడు వేల బొమ్మలున్నాయి. వాళ్ళదగ్గర ఒక పద్ధతి నాకు బాగా నచ్చుతుంది, పల్చటి నేయని గుడ్డ మీద గీతలు గీసి, ఒక్కో ముక్కకి అంకె వేసి హాల్లో పరిచేస్తారు. ముసలివాళ్ళూ పిల్లలూ చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళూ, నిచ్చెన ఎక్కలేనివాళ్ళంతా కూర్చుని అంకె చూసి రంగు వేస్తారు, ఆరాక ఆ గుడ్డని జిగురుతో గోడకి అతికిస్తారు. దగ్గరకెళ్ళి చూసినా అతుకు పట్టుకోవడం కష్టం. మీ అబ్బాయిని అడగండి, అక్కడ అందరూ కలిసి రంగులేసే రోజులు పెడుతుంటారు, ఓసారి వెళ్ళొస్తే మీకూ వీడియోలో చూపిస్తాడు.

ప్రశ్న: మాస్టారూ నమస్తే. నేను ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను, మాది పెదజాలారిపేట, చేపలు పట్టేవాళ్ళ పేట. మా పేటలో హాలు పక్కన పొడుగు గోడ ఉంది, కుర్రాళ్ళ సంఘం వాళ్ళు బొమ్మ వేద్దామన్నారు. నేను ఆఫ్రోఫ్యూచరిస్ట్ స్టైల్లో ఒక నల్లటి అమ్మాయి, తల చుట్టూ గ్రహాలు, వెనక రాకెట్ స్కెచ్ వేశాను. మా తాత చూసి "మన గోడ మీద ఆళ్ళ బొమ్మలేటే" అన్నాడు. పెద్దోళ్ళు గంగమ్మ తల్లిని వెయ్యమంటున్నారు, ఇంకొందరు వాళ్ళ లీడర్ బొమ్మ వెయ్యమంటున్నారు. నేను వేసింది తప్పా?

తప్పేం లేదమ్మా, కానీ మీ తాత అడిగింది మంచి ప్రశ్న, దానికి జవాబు లేకుండా గోడ ముట్టుకోకు.

ముందు ఒక కథ చెప్తాను. 1967లో షికాగో సౌత్ సైడ్‌లో, పాతబడిపోయిన ఒక బిల్డింగ్ గోడ మీద నల్లజాతి ఆర్టిస్టులు కొంతమంది కలిసి బొమ్మలేశారు, వాల్ ఆఫ్ రెస్పెక్ట్ అని పేరు, ఈ కమ్యూనిటీ గోడ బొమ్మలన్నిటికీ పెద్దక్క అదే. యాభై మంది దాకా ఉన్నారు దాని మీద, బాక్సర్ ముహమ్మద్ అలీ, నల్లవాళ్ళ నాయకుడు మాల్కమ్ ఎక్స్, గాయని నీనా సిమోన్, జాజ్ సంగీతకారుడు జాన్ కోల్ట్రేన్ ఇలా. మార్టిన్ లూథర్ కింగ్ మాత్రం లేడు! ప్రపంచమంతా నల్లవాళ్ళ నాయకుడు అనగానే చెప్పే పేరు, ఆ గోడ మీద లేదు, ఎందుకంటే అప్పుడు వాళ్ళకి ఆయన దారి మెత్తగా అనిపించింది. అది సరైందా కాదా అన్నది పక్కన పెట్టు, వాళ్ళ గోడ, వాళ్ళ లిస్టు, బయటివాళ్ళు మెచ్చుకునే లిస్టు కాదు. 1971లో ఆ బిల్డింగ్‌లో మంటలొచ్చి, తర్వాత కూల్చేశారు కూడా, కానీ దాన్ని చూసి ఊరూరా గోడలు లేచాయి.

నువ్వు వేసిన స్కెచ్‌లో ఆ లిస్టు ఎవరిది చెప్పు? ఓక్లాండ్ వాళ్ళదీ షికాగో వాళ్ళదీ. వాళ్ళ దగ్గర తీసుకోవాల్సింది నల్లమ్మాయి ముఖమూ గ్రహాలూ కాదు, వాళ్ళు కూర్చుని వేసుకున్న ప్రశ్న. మన వెనక నుంచి ఏది లాగేసుకున్నారు, రేపట్లో మనల్ని ఎక్కడ వదిలేస్తున్నారు? ఈ రెండూ మీ పేటలో అడుగు, జవాబులు గంపలకొద్దీ దొరుకుతాయి.

మీ తాత దగ్గరే మొదలెట్టు. జీపీఎస్ లేనప్పుడు చేప ఉన్న చోటు ఎలా కనుక్కునేవాళ్ళో అడుగు. సముద్రం లోపలికెళ్ళాక వెనక్కి తిరిగి ఒడ్డు చూస్తారు, ఒక కొండ ఇంకో కొండ వెనక సరిగ్గా వరసకొచ్చిందా, అది ఒక గీత, పక్కకి తిరిగితే ఇంకో రెండు గుర్తులు వరసకొచ్చాయా, అది ఇంకో గీత, రెండు గీతలూ కలిసిన చోట నీళ్ళ అడుగున రాళ్ళుంటాయి, చేపుంటుంది. కాగితం లేదు, పెన్ను లేదు, మొత్తం మ్యాపు తలకాయలోనే. డాల్ఫిన్ నోస్ కొండ దేనితో వరసకి రావాలి, కైలాసగిరి కొండ దేనితో, రాత్రయితే ఏ చుక్క చూసేవాళ్ళు, ఈ అపార్ట్‌మెంట్లన్నీ లేచాక ఏ గుర్తు కనపడకుండా పోయింది, ఇవన్నీ రాసుకో, ఆయన చెప్తుండగానే ఆ గీతలు గీయించుకో. అమెరికా నల్లవాళ్ళు ఓడల్లో పోగొట్టుకున్నది ఇలాంటిదే కదా, మీకు ఇంకా చెప్పేవాళ్ళు బతికున్నారు. ఆ గీతలనే గోడ పొడుగూతా లాగితే నీ గ్రహాల కంటే చాలా వింతగా, చాలా భవిష్యత్తులాగా ఉంటుంది, చూసినోడు ఇదేదో అంతరిక్ష నౌక దారి అనుకుంటాడు, పేటవాళ్ళకి మాత్రం తెలుస్తుంది.

మీ అమ్మల్నీ అడుగు, మగాళ్ళ కథలతోనే గోడ నింపేయకు. పడవ ఒడ్డుకొచ్చాక వేలంపాటలో బేరమాడి కొనేది, గంప నెత్తికెత్తుకుని వీధివీధీ తిరిగేది, మిగిలింది ఎండబెట్టేది ఆడోళ్ళే. పదేళ్ళ గుంటల్ని కూర్చోబెట్టి మీకు మనవలు పుట్టేసరికి ఈ బీచ్ ఎక్కడుంటుందిరా, గియ్యండి అను. ఇసక ఎలా కోసుకుపోతోందో వాళ్ళు రోజూ చూస్తున్నారు, ఏం గీస్తారో నాకూ చూడాలనుంది.

రాకెట్ కావాలంటావా, ఉండనీ. కానీ అమెరికా రాకెట్ ఎందుకు? మన తీరం మీదే శ్రీహరికోట ఉంది, ప్రయోగం రోజున ఆ చుట్టుపక్కల మత్స్యకారుల్ని వేటకి వెళ్ళొద్దంటారు. వల పక్కన పెట్టి ఒడ్డున కూర్చుని ఆ పొగ గీత చూసే పిల్ల కళ్ళతో వెయ్యి ఆ రాకెట్‌ని. అందులో గొప్పా ఉంది, కడుపుమంటా ఉంది. రెండూ ఉంటేనే అది ఈ బాపతు బొమ్మవుతుంది, లేకపోతే సైన్స్ ఫెయిర్ పోస్టర్.

గంగమ్మ తల్లిని కాదనకు. క్యాలెండర్ బొమ్మలాగా మధ్యలో నిలబెట్టి చుట్టూ లైట్లు వెయ్యమంటే మాత్రం, అది గుడికి బాగుంటుంది గానీ ఈ గోడకి కాదు అని నెమ్మదిగా చెప్పు. ఆవిడ నీళ్ళల్లో ఉండేది కదా, నీళ్ళే ఆవిడయ్యేలా వెయ్యొచ్చు. ఇక లీడర్ బొమ్మంటావా, గట్టిగా వద్దను. ఏ పార్టీ అయినా సరే, ఐదేళ్ళకోసారి రంగు మారే గోడ మీద నీ కష్టం ఎందుకు.

నల్లమ్మాయి గురించి ఒక్క మాట. ఆఫ్రికా వాళ్ళు మనకి మరీ అంత పరాయివాళ్ళేం కాదు, హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట పేరే నిజాం గారి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే ఆఫ్రికా వాళ్ళ గుర్రపు దళం, నుంచి వచ్చింది, ఆ సిద్దీల (ఇక్కడ స్థిరపడ్డ ఆఫ్రికా వాళ్ళని అలా అంటారు) వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. ఇథియోపియాలో పుట్టి బానిసగా అమ్ముడైన మాలిక్ అంబర్ దక్కన్‌లో అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపాడు, మొఘలుల్ని ఏళ్ళ తరబడి ముందుకి రానివ్వకుండా ఆపేశాడు. అలాంటి గోడ హైదరాబాద్‌లో ఎవరైనా వేస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. మీ గోడ మీద అమ్మాయి మాత్రం మీ పేట అమ్మాయే కావాలి, అదే నలుపు, ఎండకి కందిన నలుపు, ఫెయిర్‌నెస్ క్రీమ్ పూసినట్టు తెల్లగా చెయ్యకు దయచేసి.

టైమ్ చూసుకో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మగాళ్ళంతా ఒడ్డునే వలలు బాగుచేసుకుంటూ ఉంటారు, కథలు అడగడానికీ స్కెచ్ చూపించి తిట్లు తినడానికీ అంతకంటే మంచి రోజులు దొరకవు. రంగు మాత్రం అప్పుడు వెయ్యొద్దు, ఎందుకో కింద జవాబులో ఉంది.

ప్రశ్న: మా స్కూలు కాంపౌండ్ గోడకి పిల్లల చేత బొమ్మలు వేయించాం. సముద్రం దగ్గర. ఒక్క వానాకాలానికే పెచ్చులూడిపోయింది. రంగు కల్తీదా? – భీమిలి నుంచి ఒక టీచరమ్మ

రంగు కంటే గోడనే అనుమానించండి అమ్మా. సముద్రం గాలితో గోడ నిండా ఉప్పు ఉంటుంది, అది చెమ్మతో కరిగి, ఎండకి మళ్ళీ గడ్డకట్టి తెల్లగా పైకి పొంగుతూ రంగుని లోపల్నుంచి నెట్టేస్తుంది. ఎంత ఖరీదు రంగైనా ఆగదు. రాత్రి ఒక ప్లాస్టిక్ కాగితం నాలుగు వైపులా టేపేసి గోడకి అంటించండి, పొద్దున్న లోపలి వైపు నీటి చుక్కలుంటే ఆ గోడకి ఇంకా రంగు వెయ్యకూడదు.

పాత రంగంతా వైర్ బ్రష్‌తో గీకి, మంచినీళ్ళతో కడిగి, బాగా ఆరనివ్వాలి. కొత్త ప్లాస్టరింగ్ అయితే ఒక నాలుగు వారాలన్నా ఆగాలి. తర్వాత ఎక్స్‌టీరియర్ ప్రైమర్, దాని మీద ఎక్స్‌టీరియర్ ఎమల్షన్. చవగ్గా వస్తుందని డిస్టెంపర్ వద్దు, గట్టిగా మెరుస్తుందని ఆయిల్ పెయింట్ అసలు వద్దు, చెమ్మ బయటికి పోయే దారి మూసేస్తుంది, బుడగలొచ్చి ఊడుతుంది. గోడ అడుగున నేల చెమ్మ పీల్చే ఒకటి రెండడుగులు బొమ్మ వెయ్యకుండా ముదురు రంగు పట్టీ వదిలేయండి, అక్కడ ఎలాగూ బురదా చిందుతుంది, కుక్కలూ వాటి పని కానిస్తాయి. పడమటి ఎండ తగిలే గోడకి గులాబీ, నిమ్మపసుపు లాంటి మిలమిలలాడే రంగులు తొందరగా వెలిసిపోతాయి, ఎర్రమట్టి రంగు, కావి, గోధుమ ఇవి నిలబడతాయి.

నెల కూడా ముఖ్యం. జూన్ నుంచి వానలు, అక్టోబరు నవంబరు తుఫాన్లు, 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే కదా. మండుటెండలో గోడ కాలిపోతున్నప్పుడు వేస్తే రంగు పట్టకముందే ఆరిపోతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేసుకోండి, అదీ పొద్దున్న మంచు ఆరాక. పిల్లల బొమ్మ పెద్దగా గోడ మీదకి ఎక్కించాలంటే స్కూలు ప్రొజెక్టర్ ఉంటే రాత్రిపూట పెట్టి సుద్దముక్కతో గీసేయండి, లేకపోతే తాపీమేస్త్రి దారం కొట్టినట్టు గళ్ళు కొట్టుకుని ఒక్కో గడీ చూసి వేసుకోవడమే.

ప్రశ్న: గోడల మీద ఈ పిచ్చిగీతలు ఊరికి అందమా? ఉన్న సినిమా పోస్టర్లు చాలవా? – జగదాంబ నుంచి ఒక పాఠకుడు

సినిమా పోస్టర్ అంటించేముందు మిమ్మల్ని ఎవరైనా అడిగారా బాబూ? ఈ గీతలవాళ్ళు అడుగుతున్నారు. నచ్చకపోతే వెళ్ళి నచ్చలేదని చెప్పండి, అదీ అందులో భాగమే.

ప్రశ్న: ఒక షాపు గోడకి డబ్బులు తీసుకుని పెద్ద బొమ్మ వేశాను. ఓనర్ మారాడు, చెప్పకుండా తెల్లరంగు కొట్టేశాడు. నాకేమైనా హక్కు ఉంటుందా? – గాజువాక నుంచి ఒక ఆర్టిస్టు

ఉంటుంది, కానీ మీరనుకున్నంత తేలిగ్గా చేతికి రాదు. మన కాపీరైట్ చట్టం 1957ది. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కి, వేరే ఒప్పందం రాసుకోకపోతే, కాపీరైట్ మొదట డబ్బిచ్చినవాడిదే. అది చాలామందికి తెలీదు. అయితే అదే చట్టంలో 57వ సెక్షన్ ఉంది, కాపీరైట్ అమ్మేసినా సరే, బొమ్మ నాది అని చెప్పుకునే హక్కు, దాన్ని పాడుచేసి నా పరువు తీస్తే అడిగే హక్కు ఆర్టిస్టుకే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి చేసిన పెద్ద కంచు మ్యూరల్‌ని (గోడ శిల్పాన్ని) 1979లో పీకేసి స్టోర్‌లో పడేస్తే ఆయన కేసు వేశాడు, 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకి ఇచ్చేయమని, 5 లక్షలు కట్టమని తీర్పిచ్చింది. ఎన్నేళ్ళు పట్టిందో మీరే లెక్కేసుకోండి. న్యూయార్క్‌లో ఫైవ్ పాయింట్జ్ అనే బిల్డింగ్ గోడలకి 2013లో ఓనర్ రాత్రికి రాత్రి తెల్లరంగు కొడితే, 2018లో కోర్టు 21 మంది ఆర్టిస్టులకి 67.5 లక్షల డాలర్లు ఇవ్వమంది, పై కోర్టు కూడా అదే ఖాయం చేసింది. అది వాళ్ళ చట్టం, మనకి అలాగే వస్తుందని చెప్పలేను. బొమ్మ ఫోటోలు, డబ్బు తీసుకున్న రసీదు పట్టుకుని ఒక లాయర్ని కలవండి. వచ్చే గోడకి మాత్రం ఒక కాగితం రాయించుకోండి, ఎన్నేళ్ళు ఉంచుతారు, చెరిపేముందు ఎన్ని రోజుల ముందు చెప్తారు, కింద సంతకం ఉంటుందా, ఓనర్ మారితే ఏంటి. ఒక్క పేజీ చాలు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ గోడకి ఒక అమ్మాయి చేత ఇలాంటి బొమ్మ వేయిద్దామనుకుంటున్నాం. రంగులు మేమే కొనిస్తాం. అంతమంది చూస్తారు, పేరొస్తుంది కదా, ఆ అమ్మాయి డబ్బులు అడుగుతోంది. – మధురవాడ నుంచి ఒక అసోసియేషన్ సెక్రటరీ

అడగదా మరి? స్కెచ్‌కి వేరే, గోడ పనికి వేరే లెక్క కట్టి, సారవ కట్టేలోపే సగం అడ్వాన్స్ ఇచ్చేయండి. ఆ సారవ కట్టేవాడికి పేరొస్తుందని చెప్పి ఫ్రీగా కట్టించుకుంటారా ఏంటి?